గాజుమడికి పథ్యం లేదు

నా క్యాన్సరును మొదటిసారి కళ్ళారా చూసిన రోజున దాన్ని నోరారా తిట్టాను.

కాకినాడలో సముద్రం వైపు కొత్తగా కట్టిన ల్యాబు అది. డాక్టర్ సాహితి నన్ను ఎత్తుబల్ల మీద కూర్చోబెట్టి, సూక్ష్మదర్శిని గొట్టం నా కంటికి సరిచేసి, "చూడండి టీచరుగారూ, ఇవి మీవే" అంది. లోపల బూడిదరంగు చుక్కలు. అవి ఊరికే లేవు. ఒక్కొక్కటీ ఒక కాలు బయటికి చాపి, నేల తడిమి, ఒళ్ళంతా అటు లాక్కుని, మళ్ళీ ఇంకో కాలు చాపుతోంది. నా రొమ్ములో పుట్టి, ఆపరేషన్ చేసి కోసేసినా పోకుండా, ఊపిరితిత్తుల దాకా నడిచి వెళ్ళింది ఈ కాళ్ళతోనేనన్నమాట.

"సిగ్గులేదూ మీకు? ఎవర్నడిగి బయల్దేరారు? వెనక్కి తిరగండి!" అని అరిచాను.

ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. పేరు హైమావతి. నా గొంతు వింటే మైదానం అవతలి గోడ చాటున నక్కిన పిల్లలు కూడా లైన్లోకి వచ్చేవారు. ఈ కణాలు మాత్రం రాలేదు. సాహితి నవ్వాపుకుంటూ పక్కనున్న మీట నొక్కింది. సన్నటి గొట్టంలోంచి ఒక చుక్క మందు గాజుగిన్నెలోకి జారింది. నేను టీ తాగి వచ్చి మళ్ళీ కన్ను పెట్టేసరికి, చాపిన కాళ్ళన్నీ లోపలికి ముడుచుకుని ఎక్కడివక్కడ గుండ్రంగా కూర్చున్నాయి. చావలేదు. కదలడం మానేశాయి, అంతే.

"ఏం మందమ్మా అది?"

"చెబితే నవ్వుతారు. మా తాతల కాలంలో కడుపులో పురుగులకి వాడిన మాత్ర. ఎప్పుడో వాడకం పోయింది."

ఆ గిన్నెల్ని అక్కడ గాజుమడులంటారు. నారుమడిలో విత్తనాలు చల్లినట్టు, మనిషి కణితిలోంచి తీసిన చిన్న ముక్కని అందులో నాటి, ఆ మనిషి రక్తాన్ని పోలిన ద్రవం పారిస్తారు. ఆ ముక్క ఒంట్లో ఉన్నట్టే బతుకుతుంది, ఒంట్లో ఉన్నట్టే పాకుతుంది. కొత్త మందు పుట్టి జనం నోటిదాకా వచ్చేసరికి ఒక తరం గడిచిపోతోందని సాహితికి మంట. అందుకే మందుల షాపుల్లో ఉన్నవీ, ఎప్పుడో అటకెక్కినవీ, షుగరువీ, బీపీవీ, మలేరియావీ, పురుగులవీ, అన్ని పాత మందుల్నీ గాజుమడుల్లో చుక్కచుక్కగా పరీక్షించే యంత్రం కట్టింది. ఏ మనిషి కణాలు ఏ మందుకి కాళ్ళు ముడిస్తే ఆ మనిషికి ఆ మందు. నాకు పురుగుల మాత్ర పడింది. నాతోపాటు మరికొందరికీ అదే పడింది. వాళ్ళలో నూకరత్నం ఒకతె.

నూకరత్నం పాలకొల్లు పక్క పల్లెనుంచి కూతురు పావనిని వెంటబెట్టుకుని వచ్చేది. లేసు అల్లే మనిషి. పిలుపు వచ్చేదాకా బెంచీ మీద కూర్చుని తల వంచుకుని అల్లుకుంటూ ఉండేది. ఎవరేమన్నా "ఆయ్, అలాగేనండి" అనే రకం. నర్సు నరం దొరక్క సూది మళ్ళీ మళ్ళీ గుచ్చితే, "నా నరం మంచిది కాదమ్మా, నీ తప్పేటి లేదు" అని తనే సర్దిచెప్పేది. తన గాజుమడిని చూపించినప్పుడు గొట్టంలోకి చూసి దణ్ణం పెట్టింది.

"దానికి దణ్ణమేమిటి రత్నం? పాముకైనా ఇల్లు ఖాళీ చెయ్యమని చెబుతారుగా!" అన్నాను.

"ఏటోనండి టీచరుగారూ. ఒంట్లో కూకుంది కదా, కోపం తెప్పించడం దేనికని."

ఆ మెతకదనం చూస్తే నాకు ఒళ్ళు మండేది. అయినా ఆ మనిషి పక్కన కూర్చుంటే నా గుండెదడ తగ్గేది. ఇద్దరిదీ ఒకటే జబ్బు, ఒకటే దశ, ఒకటే మాత్ర. నాకేమైతే తనకీ అదే, తనకేమైతే నాకూ అదే అనుకున్నాను. అలా జరగలేదు.

కొన్ని నెలలయ్యేసరికి నా స్కానింగులో మచ్చలు పెరగడం ఆగిపోయింది. సాహితి ఆ బొమ్మని దీపానికేసి పట్టుకుని చిన్నపిల్లలా గంతేసింది. అదే రోజు నూకరత్నం బొమ్మ చూసి కుర్చీలో కూలబడింది. మచ్చలు పెరిగాయి. కొత్తవి కూడా వచ్చాయి. మిగతా అందరివీ అంతే. మందు పనిచేసింది నా ఒక్కదానికే. చిత్రమేమిటంటే గాజుమడుల్లో అందరి కణాలూ కాళ్ళు ముడుచుకునే ఉన్నాయి. గాజులో బుద్ధిమంతులు, ఒంట్లో రౌడీలు.

మోతాదు చాలట్లేదేమోనని పెంచారు. ఒక మాత్ర రెండయింది, రెండు నాలుగయ్యాయి. నాకు మాత్రం పనిచేస్తోంది కనుక ఒకటే ఉంచారు. నాలుగు మాత్రలు మింగినా నూకరత్నం మచ్చలు ఆగలేదు. ఈ పరిశోధన మీద అజమాయిషీకి హైదరాబాదు నుంచి ఒక కమిటీ వచ్చేది. దాని అధ్యక్షుడు డాక్టర్ పరాంకుశం. తెల్లజుట్టు, తక్కువ మాట, నవ్వని మొహం. ఆయన కాగితాలన్నీ చూసి సాహితితో, "ఒక్కరికి పనిచేస్తే దాన్ని మందు అనరమ్మా, అదృష్టం అంటారు. వచ్చే సమావేశం దాకా చూద్దాం. తర్వాత ఆపేద్దాం" అన్నాడు. ఆ మాట గది బయట కూర్చున్న మా అందరికీ వినపడింది.

"ఆపేత్తే మనకి ఇంకేం మందూ లేదాండీ?" అని నూకరత్నం నన్నడిగింది.

లేదు. కాళ్ళు ముడిపించే మందు మాకు ఇదొక్కటే దొరికింది. ఆ సంగతి తనకీ తెలుసు. "ఎవడాపుతాడో చూస్తాను" అన్నాను. ఎలా చూస్తానో నాకే తెలియదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయన మీద ఎగిరాను.

మా ఆయన విశ్వం నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. జబ్బు బయటపడిన రోజునుంచీ ఆయనకి నా పథ్యం మీద పట్టుదల. వాళ్ళమ్మగారు మంచాన పడ్డప్పుడు వండినట్టే వండాలట. మిరియాల చారు, చప్పిడి బీరకాయ, కట్టు పెసరపప్పు. పోపులో కూడా నూనె తగలకూడదు. ఆవకాయ పేరెత్తితే కోర్టులో నేరం ఒప్పుకున్నదాన్ని చూసినట్టు చూసేవారు.

"జబ్బు మనిషివి. ఒక్కపూట నోరు కట్టుకోలేవూ?" అన్నారు.

"నోరు కట్టుకుని బతుకుతానని నేనేమైనా దేవుడికి మొక్కానా? నాకు ముద్దపప్పు, ఆవకాయ, పైన గరిటెడు నెయ్యి ఉంటేనే మాత్ర మింగుతాను. లేకపోతే మాత్రా వద్దు, మీ చారూ వద్దు."

రోజూ ఇదే గొడవ. చివరికి ఆయనే నెయ్యి వేడిచేసి తెచ్చి, కంచంలో కొట్టినట్టు పోసి, వీధి అరుగు మీదికెళ్ళి పేపరు అడ్డం పెట్టుకునేవారు. నేను తిని చస్తానని ఆయన భయం. తినకుండా చస్తానని నా భయం. ఇద్దరం ప్రేమగానే కొట్టుకునేవాళ్ళం.

తరవాతి పరీక్షల రోజున అసలు సంగతి బయటపడింది.

ఆ రోజు అందరికీ రక్తం తీసి, సాయంత్రం దాకా ఉండమన్నారు. మధ్యాహ్నం వసారాలో అందరం కేరేజీలు విప్పుకున్నాం. సాహితి ఏదో పనిమీద అటు వెళ్తూ నా దగ్గర ఆగింది. నా కేరేజీలో పప్పన్నం మీద ఆవకాయ నూనె ఎర్రగా పరుచుకుని ఉంది. పక్క గిన్నెలో నెయ్యి. ఆ వాసనకి ఆగిందనుకుని, "రా అమ్మాయ్, ఒక ముద్ద తిను" అన్నాను.

సాహితి నూకరత్నం కేరేజీలోకి చూసింది. తెల్లటి చారన్నం. ఆ పక్కావిడ కేరేజీలోకి చూసింది. చారన్నం, చప్పిడి పొట్లకాయ. ఆ పక్కన అన్నవరం నుంచి వచ్చిన పెద్దాయన డబ్బాలోకి చూసింది. చారన్నం. అలా ఒక్కొక్కరి ముందూ వంగి చూసుకుంటూ వసారా చివరిదాకా వెళ్ళి, అక్కడే నిలబడిపోయింది.

"మీరంతా రోజూ ఇదే తింటారా?" అని అడిగింది.

"పథ్యం కదమ్మా" అన్నాడు పెద్దాయన, ఇదేం ప్రశ్న అన్నట్టు.

పావని అయితే గర్వంగా చెప్పింది. "జబ్బు తెలిసిన కాణ్ణించీ అమ్మకి చుక్క నూనె తగలనివ్వలేదండి మేడమ్. మూకుడు కూడా వేరే కొన్నాను. నేనే దగ్గరుండి తినిపిత్తాను."

సాహితి నా నేతిగిన్నె తీసుకుని, నూకరత్నంనీ పావనినీ నన్నూ తన గదిలోకి తీసుకెళ్ళింది. ఒక మాత్రని కల్వంలో వేసి నూరింది. సగం పొడి గోరువెచ్చటి నీళ్ళలో వేసి కలిపింది. ఎంత కలిపినా పొడి పైకి తేలి అంచుకి అంటుకుంది. మిగతా సగం నా నేతిలో వేసింది. రెండు తిప్పులు తిప్పగానే పొడి మాయమై నెయ్యి మళ్ళీ తేటగా అయింది.

"కొవ్వులో తప్ప కరగదు. కరగకపోతే రక్తంలోకి ఎక్కదు. మీరు మింగిన నాలుగు మాత్రలూ పేగులోంచి జారిపోయాయి నూకరత్నంగారూ. ఒక్కపిసరు కూడా కణితిదాకా వెళ్ళి ఉండదు."

"మరి గాజుమడిలో పనిచేసిందిగా?" అన్నాను.

"అక్కడ మందుని మేమే కరిగించి పోస్తాం. ఇంత మింగితే రక్తంలోకి ఇంత ఎక్కుతుందని పాత పుస్తకాల్లో ఒక లెక్క ఉంది. యంత్రానికి అదే ఇచ్చాం. ఆ లెక్క కట్టినవాళ్ళు ఎక్కడో వెన్నా మాంసం తినే మనుషుల మీద కట్టారు."

"గాజుమడికి పథ్యం లేదు మరి!"

సాహితి నవ్వలేదు. కుర్చీలో కూర్చుని రెండు చేతులతో మొహం రుద్దుకుంది. "నాకు జ్వరం వస్తే మా అమ్మ పెట్టేదీ ఇదే. నాకు తెలియనిది కాదు. మరీ తెలిసిన సంగతి కాబట్టి అడగాలనే తోచలేదు. బాగా తింటున్నారా అని నర్సు అడిగితే తింటున్నామన్నారు. ఏం తింటున్నారని ఒక్కరం అడగలేదు" అంది.

అప్పుడు పావని మొహం చూశాను. ఆ పిల్ల గర్వమంతా కాగితంలా నలిగిపోయింది. తల్లి కొంగు పట్టుకుంది.

వెంటనే నెయ్యి పోసుకు తినెయ్యమంటుందనుకున్నాను. సాహితి ఖచ్చితంగా వద్దంది. "ఇప్పుడే ఎవరూ ఏమీ మార్చకండి. మీ మోతాదు నాలుగింతలు చేశాం. అదంతా ఒక్కసారి రక్తంలోకి ఎక్కితే కాలేయం తట్టుకోదు, కళ్ళు తట్టుకోవు. ముందు మాత్రలు తగ్గించాలి, తర్వాత నెయ్యి. తగ్గించాలంటే కమిటీ అనుమతి కావాలి. ఈరోజే అడుగుతాను" అంది. బయటికొచ్చి అందరికీ అదే మాట గట్టిగా చెప్పింది.

అడిగింది. తరవాతి సమావేశంలో మాట్లాడదామని జవాబు వచ్చింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే జవాబు. వేరే ఊళ్ళో కూర్చున్నవాళ్ళకి తరవాత అనేది చాలా చిన్న మాట. రక్తపరీక్షలు వచ్చాయి. నా రక్తంలో మందు ఉంది. మిగతావాళ్ళ రక్తంలో ఉందో లేదో అన్నట్టు ఉంది. సాహితి ఆ కాగితం కూడా పంపింది. సమావేశం తేదీ మాత్రం ముందుకి జరగలేదు.

ఒకరోజు పొద్దున్నే పావని ఫోను చేసింది. "ఆంటీ, అమ్మకి చూపు సరిగ్గా ఆనట్లేదు. ఒళ్ళు పచ్చబడింది. బయల్దేరుతున్నాం."

నేను ల్యాబుకి వెళ్ళేసరికి నూకరత్నాన్ని మంచం మీద పడుకోబెట్టి సెలైన్ ఎక్కిస్తున్నారు. నా వైపు తల తిప్పింది. చూపు మాత్రం నా భుజం మీదుగా ఎటో పోయింది.

"టీచరుగారేనాండీ? మీ మొహం కేసి చూత్తే మొహం పోయి చెవులు కనపడుతున్నాయండి. మజ్జిన అంతా మసక" అంది.

పావని గోడవార నేలమీద కూర్చుని ఉంది. ఏం జరిగిందో నేను అడక్కముందే చెప్పేసింది.

"నేనే పోశానాంటీ. మేడమ్ వద్దన్నారు. విన్నాను. ఇంటికెళ్ళి పొయ్యి దగ్గర కూర్చుంటే చెయ్యి ఆగలేదు. అన్ని నెలలు అమ్మకి మందు అందకుండా చేసింది నా చారే కదా. ఇంకా ఒక్కపూట కూడా ఆ చారు పెట్టలేకపోయాను. మా అమ్మ వద్దంటుందని చెప్పకుండా పప్పులో కలిపి పెట్టాను. రోజూ పెట్టాను. మొదట చంపబోయింది నేనే, ఇప్పుడు కళ్ళు తీసింది కూడా నేనే."

నాకు ఏడుపు వచ్చింది, ఏడుపుకన్నా ఎక్కువ కోపం వచ్చింది. ఈ పిల్ల మీద కాదు. అడగాల్సింది అడగని యంత్రం మీద, తేదీ మార్చని కమిటీ మీద, జబ్బు మనిషి నోరు కట్టడమే ప్రేమ అని మాకందరికీ నూరిపోసిన వాళ్ళ మీద. "లే పావనీ. నేలమీద కూర్చుంటే కళ్ళు తిరిగి రావు. లేచి మీ అమ్మ చెయ్యి పట్టుకో" అన్నాను. డ్రిల్లు టీచరు గొంతుతోనే అన్నాను, నాకు ఇంకో గొంతు లేదు మరి.

కాలేయం కోలుకుంది. పచ్చదనం పోయింది. కళ్ళు మాత్రం ఇంతేనన్నారు. చూపులో నడిమి భాగం ఇక రాదు. లేసు పని అయిపోయింది. ఆ మాట చెప్పినప్పుడు నూకరత్నం ఒళ్ళో వేళ్ళు కదిలాయి, తర్వాత ఆగిపోయాయి.

ఆ వారమే తీసిన స్కానింగు బొమ్మ పట్టుకుని సాహితి నా దగ్గరికి వచ్చింది. ఈసారి గంతెయ్యలేదు. "ఆగాయి టీచరుగారూ. మచ్చలు ఒక్కటీ పెరగలేదు. మందు మొదటిసారి ఆవిడ ఒంట్లోకి వెళ్ళింది, వెళ్ళగానే కాళ్ళు ముడిపించింది" అని మెల్లగా చెప్పింది.

"మరి ఏడుస్తావేం?"

"దీన్నే చూపించి ఆపేస్తారు. కళ్ళు పోయాయిగా" అంది.

ఇన్నాళ్ళూ కదలని సమావేశం ఇప్పుడు పరుగెత్తుకొచ్చింది. పెద్ద హాల్లో పొడుగాటి బల్లకి అటువైపు కమిటీ, ఇటువైపు కుర్చీల్లో మేమూ మావాళ్ళూ. పరాంకుశం నిలబడే మాట్లాడాడు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. గొంతులో నిజంగానే బాధ ఉంది.

"మందు పేరుతో మనుషుల్ని పోగొట్టుకోవడం నా ఉద్యోగంలో చాలాసార్లు చూశాను. ఇంకోసారి చూడలేను. ఒక తల్లి చూపు పోయింది. వైద్యుల మాట కాదని ఇంట్లోవాళ్ళు పెట్టిన తిండివల్ల జరిగిందని నివేదికలో రాస్తున్నాం. పరిశోధన ఈరోజుతో ఆపేస్తున్నాం. నూకరత్నంగారు ఇది నిజమేనని చెబితే చాలు."

ఇంట్లోవాళ్ళు అనగానే అందరి తలలూ పావని వైపు తిరిగాయి. ఆ పిల్ల తల పాతాళంలోకి దిగిపోయింది. నేను లేచాను. రాత్రంతా కడుపులో ఉడికిన మాటలున్నాయి నా దగ్గర. మొదటి మాట బయటికి రాకముందే నూకరత్నం చెయ్యి గాల్లో వెతికి నా మణికట్టు పట్టుకుంది.

"మీరు కూకోండి టీచరుగారూ" అంది.

ఆవిడ ఒకరిని కూర్చోమనడం నేనదే మొదటిసారి వినడం. కూర్చున్నాను.

నూకరత్నం లేచి నిలబడింది. పరాంకుశం మొహం కనపడదు కాబట్టి గొంతు వచ్చిన వైపు తిరిగింది.

"బాబుగారూ, ఈ మందు ఆపేత్తే నాకేటవుద్దండి?"

"జబ్బు మళ్ళీ పాకుతుందమ్మా" అన్నాడు ఆయన.

"మరి ఆపేత్తే కళ్ళొత్తాయా?"

"రావు."

"అంటే కళ్ళూ పోయి, పేణమూ పోద్ది. కళ్ళిచ్చి తెచ్చుకున్నానండి ఈ నాలుగు రోజులూ. ఇచ్చింది ఎలాగూ వెనక్కి రాదంటున్నారు. తెచ్చుకున్నది కూడా ఇక్కడే వదిలేసి ఇంటికి పొమ్మంటారేటండి? నేను పోను."

నూకరత్నం అక్కడితో ఆగలేదు.

"ఇన్నాళ్ళూ ఎవరేటి సెప్పినా ఆయ్ అన్నానండి. ఒక మాత్ర అంటే ఆయ్, నాలుగంటే ఆయ్. ఇయ్యాళ నేను సెబుతున్నాను, మీరు ఆయ్ అనండి. మాత్ర తగ్గించండి. నెయ్యి కొలిచి పెట్టండి. నాకు పడ్డ దెబ్బ ఈళ్ళకి పడకుండా సూడండి. అంతేగానీ ఆపకండి."

"అమ్మా, మోతాదు మార్చాలంటే మళ్ళీ మొదటినుంచి అనుమతులు కావాలి. చాలాకాలం పడుతుంది."

"నాకాడ అంత కాలం లేదు బాబుగారూ" అంది. తర్వాత పక్కకి తిరిగి, "పావనీ, కేరేజీ తియ్యి" అంది.

పావని కేరేజీ తీసింది. భయపడి మళ్ళీ చారన్నమే తెచ్చింది. ఆ సంగతి వాసనతోనే తెలిసింది నూకరత్నానికి. "నెయ్యి లేదా ఎవరికాడా?" అని అడిగింది.

ముందు అన్నవరం పెద్దాయన లేచాడు. సంచీలోంచి చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టాడు. ఆ పక్కావిడ ఇంకొకటి పెట్టింది. చూస్తుండగానే హార్లిక్స్ సీసాలూ, స్టీలు డబ్బాలూ, పిల్లల మందు సీసాలూ బల్ల మీద వరసకట్టాయి. అనుమతి దొరికితే ఇక్కడే మొదటి ముద్ద తినాలని, ఎవరికి వాళ్ళు దాచుకుని తెచ్చుకున్నారు. కమిటీవాళ్ళు కాగితాలు తమవైపు లాక్కున్నారు. నాకు ఈల వేయాలనిపించింది. ఊరుకున్నాను.

సాహితి తన కుర్చీలోంచి లేచి బల్లకి ఇటువైపు వచ్చింది. జేబులోంచి మాత్ర తీసి సగానికి విరిచింది. ఒక చెంచా అడిగి తీసుకుని, సీసాలోంచి నెయ్యి అంచుదాకా కొలిచి అన్నం మీద పోసింది. ఒక్క చుక్క కూడా కింద ఒలకలేదు.

"సాహితీ, ఏం చేస్తున్నావో తెలుసా? నీ ఉద్యోగం ఉండదు" అన్నాడు పరాంకుశం.

"తెలుసు సార్. హైమావతిగారి రక్తంలో ఎంత ఉందో ఈవిడ రక్తంలో అంతకు మించనివ్వను. హైమావతిగారి కళ్ళకి ఏమీ కాలేదు. రోజూ రక్తం తీసి చూస్తాను. మీరు వద్దంటే ఇక్కడ తియ్యను, వాళ్ళ ఊరెళ్ళి తీస్తాను."

పరాంకుశం ఆ సీసాల వరస ఈ చివరినుంచి ఆ చివరికి చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "సగమేనా?" అని అడిగాడు.

"సగమే సార్."

"చూపు పరీక్ష కూడా రోజూ చెయ్యి. తేడా వస్తే ఆ క్షణమే ఆపాలి. నా పేరు మీద చెయ్యి" అని, కలం తీసి నివేదికలో పరిశోధన ఆపేస్తున్నామన్న వాక్యం అడ్డంగా కొట్టేశాడు. ఆయన కలం మాత్రం కాగితం మీదనుంచి లేవలేదు. "కానీ చూపు ఎలా పోయిందో రాయక తప్పదమ్మా. ఇంట్లో మీకు నెయ్యి పెట్టింది మీ అమ్మాయేగా?"

పావని లేచి నిలబడింది. "అవునండి, నేనే..." అని మొదలుపెట్టింది.

"నువ్వూరుకో" అంది నూకరత్నం. అంత గట్టి గొంతు ఆ మనిషిలో ఉందని నాకు తెలియదు. "నా కూతురు పెట్టలేదు బాబుగారూ. డాక్టరమ్మ వద్దని సెప్పినా ఇనకుండా, నేనే డబ్బాలోంచి తీసుకుని పోసుకు తిన్నాను. ఆ పిల్లకి తెలీదు. నాకే కక్కుర్తి. అలాగే రాసుకోండి."

హాల్లో ఉన్నవాళ్ళలో ఆ మాట నమ్మినవాడు ఒక్కడూ లేడు. పావని వెక్కుతూ ముద్ద కలిపి పెట్టబోయింది. నూకరత్నం ఆ చెయ్యి పక్కకి నెట్టి, బల్ల మీద తడుముకుని గిన్నె తనే దగ్గరికి లాక్కుంది. అన్నం తనే కలిపింది. కొన్ని మెతుకులు కమిటీవారి కాగితాల మీద పడ్డాయి. సగం మాత్ర నాలుక మీద వేసుకుని, మొదటి ముద్ద తన చేత్తోనే నోట్లో పెట్టుకుంది.

కాగితం మీద ఆనించిన పరాంకుశం కలం ఇంకా కదలలేదు. అది కాగితం మీద గీసుకునే చప్పుడు వినపడక నూకరత్నం నమలడం ఆపి, అటువైపు తల తిప్పింది.

"ఏటాలోచిత్తారు బాబుగారూ? మీరు రాసుకోండి. నేను తింతాను."